మోకాలి గుజ్జు అరిగిందంటే కథ ముగిసినట్టు కాదు

పొద్దున అయిదింటికి లేస్తారు. మంచం దిగి మొదటి నాలుగడుగులు వేసేటప్పుడు మోకాలు పట్టేసినట్టు ఉంటుంది. టీ మరిగేలోపు సర్దుకుంటుంది. సైట్‌కు వెళ్లి పనిలో పడితే ఆ సంగతే గుర్తుండదు. స్మోకో అయ్యాక కూర్చున్న చోటి నుంచి లేవబోతే మళ్లీ కలుక్కుమంటుంది. చేత్తో గోడ పట్టుకుని లేస్తారు. సూపర్‌వైజర్ చూశాడేమోనని ఒకసారి అటు ఇటు చూసి, ఏమీ జరగనట్టు పనిలోకి వెళ్లిపోతారు.

ఇది మీ కథే అయితే ఈ వ్యాసం మీ కోసమే.

పియారా వాటర్స్‌లో ఉండే మనకు ఈ పని ఎంత కష్టమో ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఫారెస్ట్‌డేల్‌లో భాగంగా ఇసుకా పొదలూ ఉన్న నేల ఇది. ఇవాళ ఇటు హారిస్‌డేల్ దాకా, అటు ఆర్మడేల్ రోడ్డు దాకా ఇళ్లే ఇళ్లు. ఆ ఇళ్లకు స్లాబ్ కింద ఇనుము కట్టినవాళ్లు, ఇటుకలు మోసినవాళ్లు, బాత్రూంలో మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ పరిచినవాళ్లు ఉన్నారు. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశాక ఓవెన్ దగ్గర నుంచి షవర్ మూలల దాకా రుద్ది కడిగినవాళ్లు, పెద్దవాళ్లను మంచం మీద నుంచి లేపి కూర్చోబెట్టేవాళ్లు ఉన్నారు. ఈ పనులన్నీ మోకాలి మీదే నడుస్తాయి.

మోకాలి నొప్పి అని చెప్పగానే మనవాళ్ల నోట వచ్చే మాట ఒకటే: "గుజ్జు అరిగిపోయింది." ఆ మాట విన్నాక మనిషి రెండు దారుల్లో ఏదో ఒకటి పడతాడు. ఒకటి, "ఇక ఇంతే, నా పని అయిపోయింది" అని దిగులు పడటం. రెండు, "ఏం కాదులే" అని మాత్ర వేసుకుని అదే పని అలాగే చేసుకుంటూ పోవడం. రెండూ తప్పే. అరుగుదల తొలి దశలో ఉన్న ప్రతి మోకాలూ చివరి దశకు చేరదు. కొన్ని ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోతాయి, కొన్ని తొందరగా దిగజారతాయి. ఆ తేడా తెచ్చే కారణాల్లో కొన్ని మన చేతిలో లేవు, కొన్ని మన చేతిలో ఉన్నాయి, కొన్ని యజమాని చేతిలో ఉన్నాయి. మూడోది ఎవరూ చెప్పరు. అందుకే మేం చెబుతున్నాం.

గుజ్జు అంటే ఏంటి?

తొడ ఎముక, కాలి ఎముక కలిసే చోట రెండింటి చివర్లకూ నున్నటి మెత్తటి పొర ఉంటుంది. దాన్నే మనం గుజ్జు అంటాం, డాక్టర్లు కార్టిలేజ్ అంటారు. దానికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు. మీరు నడిచినప్పుడు నొక్కుకుని, ఎత్తినప్పుడు వదులై, స్పంజిలా చుట్టూ ఉన్న ద్రవం నుంచే తిండి తెచ్చుకుంటుంది. అందుకే కదలకుండా మంచాన పడుకోవడం మోకాలికి మందు కాదు. అలాగని గంటల తరబడి ఒకే చోట నొక్కి పెట్టడం కూడా దానికి మంచిది కాదు.

ఆస్టియో ఆర్థరైటిస్ అంటే ఈ పొర ఒక్కటే అరగడం కాదు. కింద ఎముక, చుట్టూ ఉండే పొర, మధ్యలో దిండులా ఉండే మెనిస్కస్, తొడ కండరాలు అన్నీ కలిసి దెబ్బతింటాయి. ఎక్స్‌రేలో దీన్ని 0 నుంచి 4 వరకు గ్రేడులుగా చెబుతారు. తొలి గ్రేడుల్లో ఎక్స్‌రే దాదాపు మామూలుగానే కనిపించవచ్చు. ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనిపించే మనిషికి నొప్పే లేకపోవచ్చు, బాగానే ఉన్నట్టు కనిపించే మనిషి మెట్లు దిగలేకపోవచ్చు. కాబట్టి ఫిల్మ్ చూసి బెంబేలెత్తకండి, ఫిల్మ్ బాగుంది కదా అని నొప్పిని కొట్టిపారేయకండి.

45 దాటిన మనిషికి పని చేసేటప్పుడు నొప్పి వస్తూ, పొద్దున బిగుసుకుపోవడం అరగంటలోపే తగ్గిపోతుంటే, చాలాసార్లు స్కానింగ్ లేకుండానే డాక్టరు దీన్ని గుర్తించగలరు. అంతకంటే చిన్న వయసులో వస్తే పాత దెబ్బ ఏదైనా ఉందా అని ముందు చూస్తారు.

అరుగుదలను ముందుకు నెట్టేవి ఏవి?

పాత దెబ్బ. ఊళ్లో కబడ్డీ ఆడుతూ మెలితిరిగిన మోకాలు, బైక్ మీద నుంచి పడ్డ మోకాలు, సైట్‌లో కందకంలో కాలు జారిన మోకాలు. లోపల లిగమెంటు తెగినా, మెనిస్కస్ చిరిగినా, వాపు తగ్గాక మనం మర్చిపోతాం. మోకాలు మర్చిపోదు. మెనిస్కస్ పట్టు తప్పితే బరువంతా గుజ్జు మీద నేరుగా పడుతుంది. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు పదిహేనేళ్ల నాటి దెబ్బ అయినా సరే చెప్పండి.

కాలి వంకర. కొందరికి కాళ్లు విల్లులా బయటికి వంగి ఉంటాయి. దొడ్డికాళ్లు అంటాం. అలాంటివాళ్లకు బరువు మోకాలి లోపలి వైపు ఎక్కువ పడుతుంది. షికాగో పరిశోధకులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో, అప్పటికే అరుగుదల ఉన్నవాళ్లను 18 నెలలు గమనిస్తే, దొడ్డికాళ్లు ఉన్నవాళ్లకు లోపలి వైపు అరుగుదల పెరిగే అవకాశం సుమారు 4 రెట్లు కనిపించింది. మోకాళ్లు లోపలికి ఒరిగి ఒకదానికొకటి తగిలేవాళ్లకు బయటి వైపు భారం పడుతుంది. ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు ఇది గమనించాలి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లలో కుర్రవాళ్ల మోకాళ్లు ఇలా లోపలికి ఒరగడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే నమోదు చేశారు. నల్గొండ వైపు మనవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. చిన్నప్పుడు అలాంటి నీళ్లు తాగి పెరిగామని డాక్టరుకు చెప్పండి. ఇక్కడి డాక్టరుకు ఆ ఆలోచన తనంతట తాను రాదు.

బరువు. ఇది నిందించడానికి చెప్పే మాట కాదు, లెక్క కోసం చెప్పే మాట. అధిక బరువు ఉండి మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లపై అమెరికాలో చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. అందులో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద 4 కిలోల భారం తగ్గినట్టు తేలింది. 5 కిలోలు తగ్గితే అడుగుకు 20 కిలోలు. రోజుకు ఎన్ని వేల అడుగులు వేస్తారో మీరే లెక్కేసుకోండి. పని నుంచి వచ్చి రాత్రి పదింటికి ప్లేటు నిండా అన్నం తిని పడుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ అన్నం సగం చేసి, పప్పు, గుడ్డు, కూర పెంచితే చాలు, మొదలుపెట్టినట్టే. కోక్ డబ్బా బదులు మజ్జిగ కూడా లెక్కలోకి వస్తుంది.

తొడ కండరాల బలహీనత. "రోజంతా బరువులు మోస్తాను, నాకు బలహీనత ఏంటి?" అంటారు. కానీ నొప్పి ఉన్న కాలి మీద మనిషి తెలియకుండానే భారం తగ్గిస్తాడు. ఆరు నెలల్లో ఆ తొడ సన్నబడుతుంది. తొడ ముందరి కండరం తగ్గితే అడుగు వేసినప్పుడు కుదుపు ఆపేవాళ్లు ఉండరు. ఈ బలహీనతకూ అరుగుదల పెరగడానికీ ఉన్న సంబంధం ముఖ్యంగా ఆడవాళ్లలో కనిపించింది.

తగ్గని వాపు. పని చేసిన రోజు సాయంత్రం మోకాలు ఉబ్బి, మర్నాటికి కూడా దిగకపోతే అది లోపల మంట ఉందన్న గుర్తు. ఎంఆర్‌ఐలో ఇలాంటి వాపు, గుజ్జు కింది ఎముకలో దెబ్బతిన్న మచ్చలు కనిపించినవాళ్లలో అరుగుదల ముందుకు సాగే అవకాశం ఎక్కువ. దాన్ని "మామూలే" అనుకోకండి.

మన చేతిలో లేనివి. వయసు, ఆడవాళ్లలో నెలసరి ఆగిన తర్వాతి కాలం, ఇంట్లో అమ్మానాన్నలకు ఉండటం, చేతి వేళ్ల కీళ్లలో కూడా గడ్డలు కట్టి ఉండటం. వీటిని మార్చలేం. కానీ ఇవి ఉన్నవాళ్లు మిగతావాటిని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

ఇక పని సంగతి

పై వాటి గురించి ఏ డాక్టరైనా చెబుతారు. పని సంగతి మాత్రం పక్కకు పోతుంటుంది.

అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో దశాబ్దాలుగా జనాన్ని గమనిస్తూ వచ్చిన అధ్యయనం ఉంది. దాని 1991 నాటి ఫలితం ప్రకారం, మోకాళ్లు వంచుతూ శారీరక శ్రమ చేసే ఉద్యోగాల్లో ఉన్న మగవాళ్లకు మోకాలి అరుగుదల వచ్చే అవకాశం సుమారు రెట్టింపు. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ పరిశోధకులు 1994లో ఇంకాస్త లోతుగా చూశారు. రోజుకు అరగంట పైన గొంతుకూర్చోవడం, అరగంట పైన మోకాళ్ల మీద ఉండటం, రోజుకు పదికి మించి మెట్ల వరుసలు ఎక్కడం ఉన్నవాళ్లలో అరుగుదల ఎక్కువ కనిపించింది. వాటికి బరువులు మోయడం తోడైతే ఇంకా ఎక్కువ.

అరగంట! టైల్స్ పని చేసే మనిషికి అది స్మోకో కూడా రాకముందే అయిపోతుంది. ఒక ఇల్లు పూర్తిగా కడిగే అక్కకు రెండో బాత్రూం దగ్గరే అయిపోతుంది.

ఈ అధ్యయనాలు అరుగుదల రావడం గురించి చెప్పినవి. వచ్చిన మోకాలికి అదే భారం అలాగే కొనసాగితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. వంచిన మోకాలిలో చిప్ప వెనక ఒత్తిడి, నిలబడినప్పటికంటే ఎన్నో రెట్లు ఉంటుంది. వంచి, ఆపైన సిమెంటు బస్తా ఎత్తితే ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. నీ ప్యాడ్స్ వేసుకోవాలి, తప్పకుండా వేసుకోవాలి. అవి చర్మానికీ, చిప్పకూ నేల ఒత్తిడి తగలకుండా కాపాడతాయి. కానీ కీలు వంగిన తీరు మారదు. కాబట్టి "ప్యాడ్స్ ఇచ్చాం కదా" అంటే యజమాని బాధ్యత తీరినట్టు కాదు.

వెస్టర్న్ ఆస్ట్రేలియాలో పని ప్రదేశ భద్రత చట్టం 2020లో వచ్చింది, 2022 మార్చి 31 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం బరువులు మోయడం, పదేపదే ఒకే కదలిక, ఇబ్బందికర భంగిమలో ఎక్కువసేపు ఉండటం లాంటి ప్రమాదాలను వీలైనంతవరకు తొలగించాలి. తొలగించలేకపోతే తగ్గించాలి. అది పని చేయించేవారి బాధ్యత. ఆ భద్రత కోసం ఇచ్చే సామాను డబ్బు మీ జీతంలో కోయకూడదు.

అడగడానికి కష్టమైన కోరికలేమీ కాదు ఇవి:

టైల్స్ కోత నేల మీద కాకుండా నడుము ఎత్తు బల్ల మీద పెట్టాలి. స్లాబ్ ఇనుము కట్టడానికి నిలబడి వాడే పొడుగు కడ్డీ మెషీన్ ఇవ్వాలి. ఇటుకలు, మాలు నేల మీద కాకుండా అందే ఎత్తులో పెట్టాలి. జిప్రాక్ పలకలకు లిఫ్టర్ తేవాలి. మోకాళ్ల మీద చేసే పనిని ఒక్కరి మీదే వేయకుండా గంటకోసారి మార్చాలి. క్లీనింగ్‌లో పొడుగు కర్ర బ్రష్, మాప్ ఇవ్వాలి. ఓవెన్, బాత్‌టబ్ దగ్గర కూర్చోవడానికి చిన్న స్టూలు ఉండాలి. పెద్దవాళ్లను ఎత్తడానికి హాయిస్ట్ వాడాలి, ఒక్కరితో ఎత్తించకూడదు.

నోటితో అడిగాక అదే మాట మెసేజ్‌లో కూడా పెట్టండి. "ఈరోజు మూడు బాత్రూములు మోకాళ్ల మీద చేశాను, మోకాలు వాచింది, స్టూలు కావాలి" అని రెండు లైన్లు చాలు. ఆ రెండు లైన్లు ఎందుకు ముఖ్యమో ముందు చెబుతాం.

దాచిపెట్టే మందులు

ఇండియా నుంచి వచ్చే ప్రతి సూట్‌కేసులో పచ్చళ్ల పక్కన నొప్పి మాత్రల స్ట్రిప్పులు ఉంటాయి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి వేసుకుని పని లాగించేస్తాం. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ, బీపీ పెరగడం జరగొచ్చు. పెర్త్ ఎండలో నీళ్లు తక్కువ తాగి పని చేస్తూ ఈ మాత్రలు వేసుకోవడం కిడ్నీకి ఇంకా చేటు. మోకాలికి పైపూతగా రాసే నొప్పి జెల్ ముందు వాడి చూడటం మేలని చాలామంది డాక్టర్లు అంటారు.

ఇంకొకటి ఇంజక్షన్. సెలవుకు ఊరెళ్లినప్పుడు "ఒక్క సూది పొడిస్తే ఏడాది దాకా ఢోకా లేదు" అంటారు. స్టెరాయిడ్ ఇంజక్షన్ కొద్ది వారాలు ఉపశమనం ఇవ్వొచ్చు. కానీ అమెరికాలో 140 మందిపై చేసి 2017లో ప్రచురించిన పరీక్షలో, 2 ఏళ్లపాటు 3 నెలలకోసారి స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో, ఉప్పునీటి ఇంజక్షన్ తీసుకున్నవాళ్లకంటే గుజ్జు ఎక్కువ తగ్గింది. నొప్పిలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. పదేపదే పొడిపించుకోవడం మంచిది కాదని దీని అర్థం.

గొట్టం పెట్టి లోపల కడిగే ఆపరేషన్ కూడా అంతే. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మందిపై చేసి 2002లో ప్రచురించిన పరీక్షలో, నిజం ఆపరేషన్ చేసినవాళ్లకూ, పైపైన కోత పెట్టి కుట్టినవాళ్లకూ ఫలితం ఒకేలా వచ్చింది. అరుగుదలకు ఈ ఆపరేషన్ చేయొద్దని ఆస్ట్రేలియా ప్రమాణాలు కూడా చెబుతున్నాయి. ఊళ్లో ఎవరైనా దీనికి లక్షలు అడిగితే అప్పు చేసే ముందు ఇంకో డాక్టరును అడగండి.

అరుగుదలను వెనక్కి తిప్పే మందు ఇంకా రాలేదు. నొప్పి తగ్గించి, నడక నిలబెట్టే దానికి ఎక్కువ రుజువు ఉన్నది వ్యాయామానికే. డెన్మార్క్‌లో 2013లో మొదలైన గ్లాడ్ అనే కార్యక్రమం 2016లో ఆస్ట్రేలియాకు వచ్చింది. ఫిజియో దగ్గర మోకాలి గురించి చెప్పే 2 క్లాసులు, 6 వారాల్లో 12 వ్యాయామ క్లాసులు ఉంటాయి. ఫిజియోను కలవడానికి డాక్టరు చీటీ అక్కర్లేదు. "గ్లాడ్ చేస్తారా?" అని ఫోన్‌లో అడిగి వెళ్లండి.

అంతదాకా ఇంట్లో ఇవి మొదలుపెట్టండి. కుర్చీలో కూర్చుని చేతుల సాయం లేకుండా మెల్లగా లేచి, మెల్లగా కూర్చోవడం పదిసార్లు. మంచం మీద కాలు చాచి తొడ బిగించి అయిదు లెక్కపెట్టి వదలడం పదిసార్లు. చదునైన నేల మీద ఇరవై నిమిషాల నడక. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాటికి పాత స్థాయికి దిగాలి, దిగకపోతే మరుసటిసారి తగ్గించండి. ఇండియా వెళ్లినప్పుడు అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతానని మొక్కుకుని ఉంటే, మూడు నెలల ముందు నుంచే ఇది మొదలుపెట్టండి. ఎక్కడం కంటే దిగడం మోకాలికి ఎక్కువ బాధ. దిగేటప్పుడు బస్సు ఎక్కితే వెంకన్న ఏమీ అనుకోడు.

"వయసు వల్ల" అన్నారా?

ఇప్పుడు అసలు మాట. మోకాలి గురించి యజమానికి చెబితే ముందు వచ్చే జవాబు: "అది వయసు వల్ల, పని వల్ల కాదు." చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగక్కర్లేదు.

వెస్టర్న్ ఆస్ట్రేలియాలో 2024 జులై 1 నుంచి కొత్త పరిహార చట్టం అమల్లో ఉంది. అందులో గాయం అంటే ఒక్క రోజున జరిగిన ప్రమాదమే కాదు. పని వల్ల వచ్చిన జబ్బు, ముందే ఉన్న జబ్బు పని వల్ల ముదరడం, తొందరగా పెరగడం కూడా గాయమే. పని దానికి చెప్పుకోదగ్గ మేరకు కారణమై ఉండాలి. అది తేల్చడానికి పని ఎంతకాలం చేశారు, ఎలాంటి పని, వంశంలో ఉందా, జీవనశైలి ఎలాంటిది, పని బయట ఏం చేస్తారు అని చూస్తారు.

చూశారా? పైన మనం చెప్పుకున్న కారణాలే ఇన్సూరెన్స్ కంపెనీ కూడా అడిగేది. అందుకే ఆ రెండు లైన్ల మెసేజ్ ముఖ్యం. మోకాలు ఎప్పుడు మొదలైంది, ఆ రోజుల్లో రోజుకు ఎన్ని గంటలు మోకాళ్ల మీద ఉన్నారు అన్నది రాతపూర్వకంగా ఉంటే మీ మాటకు బలం ఉంటుంది. లేకపోతే "వయసు" అన్న ఒక్క మాట మిగతా అన్నింటినీ కప్పేస్తుంది. ఏళ్ల తరబడి దాచిన నొప్పికి ఏ కాగితం మీదా సాక్ష్యం ఉండదు.

ఏం చేయాలంటే, జీపీ దగ్గర "ఫస్ట్ సర్టిఫికెట్ ఆఫ్ కెపాసిటీ" అడిగి తీసుకోండి. మీరు ఏ పని ఎలా చేస్తారో వివరంగా చెప్పండి. "క్లీనర్" అనకుండా "రోజుకు మూడు ఇళ్లు, ప్రతి ఇంట్లో గంటపైన మోకాళ్ల మీద" అనండి. క్లెయిమ్ ఫారం నింపి రెండూ యజమానికి ఇచ్చి ఫొటో తీసి పెట్టుకోండి. యజమాని 7 రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి పంపాలి. కంపెనీ 14 రోజుల్లో జవాబు చెప్పాలి. మామూలుగా గాయమైన 12 నెలల్లోపు క్లెయిమ్ వేయాలి. ఆలస్యమైందని మీకు మీరే వదులుకోకండి, తగిన కారణం ఉంటే వినే వీలుంది. క్లెయిమ్ ఒప్పుకుంటే వైద్య ఖర్చులతో పాటు, పని చేయలేని రోజులకు మొదటి 26 వారాలు పాత ఆదాయం మొత్తం, తర్వాత 85 శాతం, ఒక పరిమితికి లోబడి వస్తుంది.

డాక్టరును మీరే ఎంచుకోవచ్చు. "మా డాక్టరు దగ్గరకే రావాలి" అనే హక్కు యజమానికి లేదు. మిమ్మల్ని పరీక్షించేటప్పుడు గదిలో కూర్చునే హక్కు కూడా లేదు. ఇంగ్లిష్ ఇబ్బంది అయితే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు దుబాసీ కావాలనండి. దుబాసీ సేవ నంబరు 131 450. పిల్లల్ని దుబాసీలుగా తీసుకెళ్లకండి, ఇలాంటి విషయాల్లో ఒక్క మాట తేడా అయినా నష్టమే.

ఏబీఎన్ మీద పని చేస్తున్నారా? "నువ్వు సబ్‌కాంట్రాక్టరువి, నీకేం రాదు" అన్న మాట నమ్మి ఊరుకోకండి. కాగితం మీద పేరు ఏదైనా, పని అసలు ఎలా జరుగుతుందో చూసి తేలుస్తారు. ఒకరి ఇంట్లో నేరుగా పని చేసే అక్కలకు కూడా ఒక మాట. 2022 జూన్ 20 నుంచి వెస్టర్న్ ఆస్ట్రేలియాలో ఇళ్లల్లో పని చేసేవాళ్లకూ రాష్ట్ర కార్మిక చట్టం వర్తిస్తోంది. మీరు "ఇంట్లో మనిషిలా" ఉన్నా సరే, చట్టం లెక్కలో పనివారే.

పరిహారం గురించి అడగడానికి వర్క్‌కవర్ డబ్ల్యూఏ: 1300 794 744. పని ప్రదేశంలో ప్రమాదం గురించి చెప్పడానికి వర్క్‌సేఫ్: 1300 307 877. ఇంటి పనివారి జీతం, సెలవుల గురించి వేజ్‌లైన్: 1300 655 266.

వీసా భయం

నొప్పి దాచడానికి అసలు కారణం మోకాలు కాదని మాకు తెలుసు. స్పాన్సర్ చేసినవాడు ఏమంటాడో, స్టూడెంట్ వీసా మీద గంటలు ఎక్కువయ్యాయేమో, ఊళ్లో అప్పు, అమ్మాయి ఫీజు. ఇవన్నీ కలిసి నోరు నొక్కేస్తాయి.

మీరు టెంపరరీ వీసా మీద ఉన్నంత మాత్రాన పరిహార హక్కు పోదు. 2024 జులై 1 నుంచి వీసా పేరు చెప్పి కార్మికుణ్ణి బెదిరించి పని చేయించడం నేరం. 482 వీసా మీద ఉన్నవాళ్ల ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి ఒకప్పుడు 60 రోజులే ఉండేవి, అదే తేదీ నుంచి ఒకేసారి 180 రోజుల దాకా ఇస్తున్నారు. గంటల విషయంలో చిక్కు ఉందనుకుంటే క్లెయిమ్ వేసే ముందు ఉచిత న్యాయ సలహా తీసుకోండి. సలహా అడిగినందుకు ఎవరూ వీసా తీసేయరు.

ఒక జాగ్రత్త. ఇండియాకూ ఆస్ట్రేలియాకూ వైద్య సేవల ఒప్పందం లేదు. కాబట్టి టెంపరరీ వీసా మీద ఉన్న చాలామందికి మెడికేర్ ఉండదు. మీ ఇన్సూరెన్స్ పాలసీలో ఫిజియో ఖర్చు ఉందో లేదో ఇవాళే చూసుకోండి. మెడికేర్ ఉన్నవాళ్లు జీపీ దగ్గర దీర్ఘకాల జబ్బు ప్లాన్ రాయించుకుంటే ఏడాదికి 5 సార్లు ఫిజియో లాంటి సేవలకు కొంత డబ్బు తిరిగి వస్తుంది.

ఆలస్యం చేయకూడనివి

మోకాలు ఎర్రబడి, వేడిగా, జ్వరంతో ఉంటే అది అరుగుదల కాదు, లోపల చీము పట్టి ఉండొచ్చు. అదే రోజు ఆర్మడేల్ ఆస్పత్రి ఎమర్జెన్సీకో, మర్డాక్‌లోని ఫియోనా స్టాన్లీ ఆస్పత్రికో వెళ్లండి. మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోవడం, పిక్క వాచి నొప్పి పుట్టడం, కదలకపోయినా రాత్రంతా నొప్పి ఉండటం, ఇవి కూడా వెంటనే చూపించాల్సినవే.

ఈ వారం అయిదు పనులు

ఒకటి, ఫోన్‌లో నోట్స్ తెరిచి మోకాలి నొప్పి ఎప్పుడు మొదలైందో, ఏ పని దగ్గర పెరుగుతుందో రాయండి. రెండు, అడగాల్సిన సామాను అడిగి, మెసేజ్‌లో కూడా పెట్టండి. మూడు, జీపీ అపాయింట్‌మెంట్ తీసుకోండి, పాత దెబ్బల జాబితా పట్టుకెళ్లండి. నాలుగు, కుర్చీ వ్యాయామం ఇవాళ రాత్రే మొదలుపెట్టండి. అయిదు, పక్కన పని చేసే మనిషిని అడగండి: "నీ మోకాలు ఎలా ఉంది?"

అయిదోదే అన్నింటికన్నా కష్టం. మనవాళ్లు జీతం గురించి మాట్లాడతారు, పీఆర్ గురించి మాట్లాడతారు, నొప్పి గురించి మాట్లాడరు. ఒక్కరు అడిగితే అది ఫిర్యాదు. సైట్‌లో అయిదుగురు కలిసి "బల్ల కావాలి" అంటే బల్ల వస్తుంది.

ఇల్లు కట్టేది, ఇల్లు కడిగేది మీ మోకాళ్లు. ఇంకా ఇరవై ఏళ్లు అవి మీకు కావాలి. మనవడిని ఎత్తుకోవడానికీ కావాలి. కలుక్కుమన్న రోజునే నోరు విప్పండి.